ఆటలో అరటిపండు

చిన్నప్పుడు వీధిలో ఆడుకున్న ప్రతివాళ్లకీ ఈ మాట తెలిసే ఉంటుంది. పెద్దపిల్లలు దాగుడుమూతలు ఆడుతుంటే ఎవరి తమ్ముడో చెల్లెలో వచ్చి ‘నేనూ వస్తా’ అని ఏడుపు మొదలుపెడతారు. తీసుకోకపోతే ఇంట్లో చెప్తారు. తీసుకుంటే ఆట పాడవుతుంది. అందుకని ఒక మధ్యేమార్గం ఉండేది. ‘సరే, నువ్వు ఆటలో అరటిపండువి’ అనేవాళ్లం. అంటే వాడూ ఆటలో ఉంటాడు, అందరితో పాటు పరిగెడతాడు, దాక్కుంటాడు. కానీ దొరికినా దొంగ అవ్వడు. వాడి ఔట్ లెక్కలోకి రాదు.

ఇరవయ్యేళ్ల తర్వాత ఈ మాట మళ్లీ గుర్తొచ్చింది. కారణం మా తమ్ముడు. సొంత తమ్ముడు కాదు, పెద్దమ్మ కొడుకు. బీటెక్ మొదటి ఏడాదిలో చేరి హాస్టల్లో ఉంటున్నాడు. ఒకరోజు ఫోన్ చేసి, కాసేపు అటూ ఇటూ మాట్లాడి, చివర్లో అసలు విషయం అడిగాడు. ‘‘అన్నా, మీరు రాత్రిళ్లు బీజీఎంఐ ఆడతారట కదా, నన్ను కూడా ఆడించుకోవా?’’

మా సంగతి కాస్త చెప్పాలి. పబ్జీ మొబైల్ వచ్చిన 2018లో నేను ఇంజినీరింగ్ హాస్టల్లో ఉన్నాను. అప్పుడు కుదిరిన నలుగురం. ఉద్యోగాలొచ్చి ముగ్గురం హైదరాబాద్‌లో, ఒకడు బెంగళూరులో పడ్డాం. 2020 సెప్టెంబరులో కేంద్రం 118 యాప్‌లను నిషేధిస్తే అందులో మా ఆటా పోయింది. 2021 జులైలో బీజీఎంఐ పేరుతో తిరిగొచ్చింది. 2022 జులైలో అదీ ఆగిపోయి, 2023 మే నెలాఖరుకి మళ్లీ వచ్చింది. ఆట రెండుసార్లు పోయి రెండుసార్లు వచ్చింది గానీ మా నలుగురి స్క్వాడ్ మాత్రం చెక్కుచెదరలేదు. రాత్రి పదయ్యేసరికి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చుంటాం. నిజం చెప్పాలంటే అది ఆట మాత్రమే కాదు. మా హాస్టల్ గదిలో మిగిలింది అదొక్కటే.

తమ్ముడు అడిగిన వారంలోనే బెంగళూరు వాడు ఒక రాత్రి రాలేకపోయాడు. నాలుగో చోటు ఖాళీ. ‘మా తమ్ముడొస్తాడు’ అన్నాను. వాడికి ఎంత వచ్చో అడగలేదు, మావాళ్లకి ముందు చెప్పలేదు. ర్యాంక్ మ్యాచ్‌లోకి లాగేశాను.

తర్వాత ఏం జరిగిందో ఆడేవాళ్లు ఊహించగలరు. మేం ఇంట్లో నక్కి ఉంటే, వాడు ఎక్కడో దూరంగా కనిపించినవాడి మీద కాల్పులు మొదలుపెట్టాడు. మేమెక్కడున్నామో చుట్టుపక్కల అందరికీ తెలిసిపోయింది. ‘‘అన్నా, అక్కడున్నాడు, అక్కడ!’’ అని అరుస్తాడు. ఆ ‘అక్కడ’ ఎక్కడో మాకు తెలియదు. వాడు పడిపోతే లేపడానికి ఒకడు వెళ్లి వాడూ పడ్డాడు. మూడు మ్యాచ్‌లు, మూడుసార్లూ తొందరగానే అందరం పోయాం. మూడోసారి మావాళ్లలో ఒకడు ‘‘వీణ్ణెవడు తెచ్చాడ్రా బాబూ’’ అన్నాడు. మైక్ ఆన్‌లోనే ఉంది. రెండు సెకన్లు ఎవరూ మాట్లాడలేదు. ‘‘సారీ అన్నా’’ అని చెప్పి తమ్ముడు వెళ్లిపోయాడు.

నేనేమీ అనలేదు. అదే ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

ఆ మాటన్న నా ఫ్రెండ్‌ని విలన్ని చేయడం తేలిక. కానీ వాడి వైపు నుంచీ చూడాలి. ర్యాంక్ మ్యాచ్‌లో తొందరగా పోతే పాయింట్లు తగ్గుతాయి. ఏస్ దాకా ఎక్కడానికి వారాలు పడుతుంది. ఒక్క రాత్రిలో కిందికి జారిపోవచ్చు. మర్నాడు వాడు నాతో అన్నదేంటంటే, ‘‘పొద్దున్నుంచీ ఆఫీసులో కొత్తవాళ్లకి నేర్పించడమేరా నా పని. రాత్రి ఆ గంటైనా నాకు నచ్చినట్టు ఆడుకోనీ’’. అందులో తప్పేముంది? సరదాకి ఆడే ఆటలో ఎవరికీ ఎవరూ బాకీ లేరు. అనుభవం ఉంది కాబట్టి రోజూ పాఠాలు చెప్పి తీరాలంటే ఆట కూడా ఉద్యోగమైపోతుంది.

నేనూ ఇదే వాదనతో కొన్నాళ్లు సర్దిచెప్పుకున్నాను. దసరాకి పెద్దమ్మ వాళ్లింటికి వెళ్లేదాకా.

మేడ మీద ఇద్దరమే ఉన్నప్పుడు కదిపాను. మొదట ‘ఏం లేదన్నా’ అన్నాడు. తర్వాత చెప్పాడు. వాళ్ల రూమ్‌లో మిగతా ముగ్గురూ ఇంటర్ నుంచీ ఒకే కాలేజీ, అందరూ ఆడతారు. మెస్‌లో కూర్చుంటే మాటలన్నీ నిన్నటి మ్యాచ్ గురించే. రానివాడికి ఆ మాటల్లో చోటు లేదు. ‘‘వాళ్ల ముందు పరువు పోతుందని, మీ దగ్గర కాస్త నేర్చుకుని వెళ్దామనుకున్నా అన్నా’’ అన్నాడు.

వాడికి కావాల్సింది ర్యాంకు కాదు, రూమ్మేట్స్‌తో కలిసి అన్నం తినడం. నేను వాణ్ణి తీసుకెళ్లింది మాత్రం ర్యాంక్ మ్యాచ్‌కి.

అప్పుడే నా సొంత కథ కూడా గుర్తొచ్చింది. 2018లో నేనేమైనా పుట్టుకతోనే ఆటగాణ్ణా? మొదటి పదిహేను రోజులు ఎవరో ఒకరు నన్ను లేపుతూనే ఉండేవాళ్లు. అప్పుడు మాలో ఎవరికీ ఆట రాదు కాబట్టి తప్పులు కనబడలేదు, అంతే. ఆ రోజుల్ని మర్చిపోయి, అందరూ నేర్చుకునే వస్తారని అనుకుంటాం.

మిగతా ఆటల్లో ఏం చేస్తారా అని చూస్తే రెండు సంగతులు నచ్చాయి. ఫైనల్ ఫాంటసీ 14లో జట్టుగా చేసే ఘట్టాలుంటాయి. అందులో మొదటిసారి వచ్చినవాడు జట్టులో ఉంటే, పూర్తయ్యాక మిగతావాళ్లకి అదనంగా బహుమతి వస్తుంది. అంటే కొత్తవాడు అక్కడ బరువు కాదు, బోనస్. ఇక డెస్టినీ ఆటలో ఆరుగురు కలిసి చేసే రైడ్‌లు ఉంటాయి. ఒక్కోటి గంటలు పట్టొచ్చు. కొత్తవాళ్లని వెంటబెట్టుకుని ఓపిగ్గా దాటించేవాళ్లని అక్కడ ‘షెర్పా’ అంటారు. హిమాలయాల్లో పర్వతారోహకులకి దారి చూపే షెర్పాల పేరే. నేర్పడాన్ని ఒకచోట ఆట తయారుచేసినవాళ్లే లాభంగా మార్చారు, ఇంకోచోట ఆడేవాళ్లే గౌరవంగా మార్చుకున్నారు. మా ఆటలో ఆ రెండూ లేవు. ఉన్నదల్లా పోయే పాయింట్లు. కాబట్టి ఏర్పాటేదో మేమే చేసుకోవాలి.

ఆ ఏర్పాటే అరటిపండు. వీధిలో పిల్లలకి తెలిసింది ఇంజినీర్లకి తట్టకపోవడమే విచిత్రం. కొత్తవాణ్ణి ఆడించుకోవాలా వద్దా అనేది కాదు ప్రశ్న. వాడి ఔట్ లెక్కలోకి రాని చోట ఆడించుకోవాలి.

మావాళ్లతో మాట్లాడాను. వారంలో రాత్రిళ్లు మావే, వాటి జోలికి రాను. శనివారం సాయంత్రం ఒక గంట మాత్రం తమ్ముడితో. మొదటి రెండు వారాలు టీమ్ డెత్‌మ్యాచ్. నలుగురికి నలుగురు, చచ్చినా వెంటనే లేచి ఆడొచ్చు, ముందు నలభై కొట్టినవాళ్లు గెలుస్తారు. తుపాకీ పట్టుకోవడానికి చెయ్యి అలవాటు పడుతుంది. ఆ తర్వాత పాయింట్లు లేని మామూలు మ్యాచ్‌లు.

ఇంకో మూడు పద్ధతులు పెట్టుకున్నాం. ఒకటి, ‘అక్కడ’ అనే మాట నిషేధం. స్క్రీన్ పైన దిక్సూచిలో కనిపించే అంకె చెప్పాలి. రెండు, ఒక మ్యాచ్‌కి ఒక్క తప్పే చెప్పాలి, అదీ మ్యాచ్ అయ్యాకే. కాల్పుల మధ్యలో చెప్పే పాఠం ఎవడి బుర్రకీ ఎక్కదు. మూడు, కొత్తవాడు కూడా తన వంతు చేయాలి. వారం మధ్యలో ట్రైనింగ్ గ్రౌండ్‌కి వెళ్లి గురి చూసుకుని రావాలి. నాకు రాదు అని ముందే చెప్పాలి. అది సిగ్గుపడాల్సిన విషయం కాదు. చెప్పకుండా ర్యాంక్ మ్యాచ్‌లో దూరడమే తప్పు. ఆ రోజు ఆ తప్పు చేసింది వాడు కాదు, నేను.

అరటిపండుకి గడువు కూడా ఉండాలి. ఎప్పటికీ అలాగే ఉంచితే అది ఆడించుకోవడం కాదు, జాలి పడడం. వీధిలో కూడా ఈ వేసవిలో అరటిపండైనవాడు వచ్చే వేసవికి దొంగ అవ్వాల్సిందే. తమ్ముడి గడువు రెండు నెలలు. ఆ తర్వాత ఒక రాత్రి మళ్లీ నాలుగో చోటు ఖాళీ అయితే వాణ్ణి పిలిచింది నేను కాదు, ఆ రోజు విసుక్కున్నవాడే. ఆ మ్యాచ్‌లోనూ ముందు పడిపోయింది తమ్ముడే. ‘‘నూట ఇరవై, రెండతస్తుల ఇల్లు, ఇద్దరున్నారు’’ అని చెప్పి మరీ పడ్డాడు. ‘‘ఆగరా, లేపుతా’’ అన్నాడు నా ఫ్రెండ్. గెలవలేదు, ఏడో స్థానం. ఫర్వాలేదు.

ఇప్పుడు తమ్ముడు మాతో ఆడడం లేదు. శనివారాలు కూడా రూమ్మేట్స్‌తోనే. మొన్న ఫోన్ చేస్తే ‘‘మ్యాచ్‌లో ఉన్నా అన్నా, తర్వాత చేస్తా’’ అన్నాడు, వెనక ముగ్గురు అరుస్తున్నారు. తర్వాత చేయలేదు.

బెంగళూరు వాడికి ఈమధ్యే పాప పుట్టింది, రాత్రిళ్లు వాడికి వేరే డ్యూటీ. మాకు నాలుగో చోటు ఖాళీగానే ఉంది. ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి ఒకరు లంచ్ దగ్గర ‘నాకు ఆట రాదు, నేర్పిస్తారా’ అని అడిగారు. శనివారం రమ్మన్నాను.