అడవి నుంచి కులంలోకి

2024 జూన్ 19న జాతీయ పులుల సంరక్షణ ప్రాధికార సంస్థ రాష్ట్ర ప్రభుత్వాలకు ఒక లేఖ రాసింది. దేశంలోని పులుల అభయారణ్యాల కోర్ ప్రాంతాల్లో ఇంకా 591 గ్రామాలు, 64,801 కుటుంబాలు ఉన్నాయని, వాటి తరలింపును ప్రాధాన్యంగా తీసుకుని కాలపరిమితితో కూడిన ప్రణాళిక పంపాలని ఆ లేఖ సారాంశం. ఇది ఎక్కడో మధ్య భారతంలోని అడవుల సంగతి కాదు. నాగర్‌కర్నూల్ జిల్లాలోని అమ్రాబాద్ అభయారణ్యంలో సార్లపల్లి, కుడిచింతలబైలు, కొల్లంపెంట, తాటిగుండాల వంటి ఆవాసాలను ఖాళీ చేయించే ప్రయత్నం కొన్నేళ్లుగా సాగుతూనే ఉంది.

ఈ తరలింపును కొందరు పర్యావరణ సమస్యగా చర్చిస్తున్నారు, మరికొందరు ఆదివాసీ సమస్యగా చర్చిస్తున్నారు. కుల సమస్యగా మాత్రం దాదాపు ఎవరూ చూడడం లేదు. చెంచులు కులవ్యవస్థకు వెలుపల ఉన్నవారు కదా అన్నది అందుకు చెప్పే కారణం. వెలుపల ఉన్నారు కనుకనే ఇది కుల సమస్య అన్నది నా వాదన. తరలింపు అంటే చెంచును అడవి నుంచి ఊరికి తీసుకురావడం. మన దగ్గర ఊరంటే కేవలం ఇళ్ల సముదాయం కాదు. ఊరు వేరు, వాడ వేరు. బావి, భూమి, గుడి, అప్పు, కూలి అన్నింటికీ అక్కడ ముందే యజమానులున్నారు. ఆ వరుసలో ఆఖరున చేరడానికి వచ్చేవాడిని 'జనజీవన స్రవంతిలో కలిపాం' అని ప్రభుత్వ నివేదికలు రాసుకుంటాయి. నిజానికి అతడు కలిసేది స్రవంతిలో కాదు, కులంలో.

ముందుగా, అడవికి హాని చేసిందెవరో తేల్చుకోవాలి. ప్రకృతి పరిరక్షణ గురించి మాట్లాడే ప్రతివారూ 'మానవ ప్రభావం' అనే మాట వాడతారు. ఆ మాటలో మానవుడికి కులం లేదు, వర్గం లేదు, చిరునామా లేదు. నల్లమల చరిత్రలో ఆ చిరునామా స్పష్టంగా ఉంది. నేడు సఫారీ వాహనాలు తిరిగే ఫర్హాబాద్ ఒకప్పుడు నిజాం వేట విడిది. అడవిని చీల్చుకుంటూ హైదరాబాద్-శ్రీశైలం జాతీయ రహదారి పోతోంది. దాని మీద రాత్రి తొమ్మిది గంటల నుంచి ఉదయం ఆరు దాకా వాహనాలు ఆపితే తప్ప జంతువులకు దారి దొరకని పరిస్థితి. శ్రీశైలం జలాశయం కృష్ణా లోయను ముంచి ఏర్పడింది. ఇదే అభయారణ్యం కింద నుంచి 44 కిలోమీటర్ల ఎస్‌ఎల్‌బీసీ సొరంగం తవ్వుతున్నారు. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట వద్ద అది కూలినప్పుడు చిక్కుకుపోయిన ఎనిమిది మందీ ఇతర రాష్ట్రాల నుంచి పనికి వచ్చినవారే.

అన్నింటికంటే పెద్ద ఉదాహరణ యురేనియం. 2019 మే నెలలో కేంద్ర అటవీ సలహా సంఘం అమ్రాబాద్ అభయారణ్యంలో 83 చదరపు కిలోమీటర్ల మేర యురేనియం అన్వేషణకు సూత్రప్రాయ ఆమోదం తెలిపింది. ప్రతిపాదనలో 4,000 బోర్లు ఉన్నాయి. చెంచు మహిళ విరిగిన కట్టె ఏరుకుంటే పులికి అలజడి అని చెప్పే వ్యవస్థకు నాలుగు వేల బోర్ల చప్పుడు అలజడిగా తోచలేదు. నల్లమల ప్రజలు, విద్యార్థులు, ప్రజా సంఘాలు కదిలిన తరువాతే 2019 సెప్టెంబర్ 16న తెలంగాణ శాసనసభ దానికి వ్యతిరేకంగా ఏకగ్రీవ తీర్మానం చేసింది. ఆ రోజు అడవిని కాపాడింది చట్టమో, శాఖో కాదు; అడవిలో, అడవి అంచున బతికే జనం కాపాడారు.

ఈ పట్టికలో చెంచుల వాటా ఎంత? 1940లో అమ్రాబాద్ పీఠభూమి మీద చెంచుల మధ్య నివసించిన మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ 1943లో వారి గురించి గ్రంథం వెలువరించారు. వేట, తేనె, దుంపలు, పండ్లు, జిగురు ఆధారంగా చిన్న చిన్న పెంటల్లో బతికే సమాజం ఆయనకు కనిపించింది. తేనెపట్టును మొత్తం కోయకుండా కొంత వదిలిపెట్టడం, దుంప తవ్వాక తీగను మళ్లీ మట్టిలో పాతడం వారి అలవాట్లు. దీన్ని అమాయకపు పవిత్రతగా వర్ణించడం నా ఉద్దేశం కాదు. వచ్చే ఏడాది కూడా అక్కడే బతకాల్సినవాడి లెక్క అది. అటవీశాఖకు ఈ సంగతి బాగా తెలుసు. బేస్ క్యాంపుల్లో కాపలాకు, పులి అడుగుజాడలు పట్టడానికి చెంచు యువకులనే పెట్టుకుంటోంది. పులిని కాపాడే కూలీగా చెంచు కావాలి, పులితో కలిసి బతికే పౌరుడిగా మాత్రం అక్కర్లేదు. శ్రమను తీసుకుని స్థానాన్ని నిరాకరించడం ఈ పేజీ పాఠకులకు కొత్తగా పరిచయం చేయాల్సిన పద్ధతి కాదు.

ఇక తరలింపు తరువాత ఏం జరుగుతుందన్నది అసలు ప్రశ్న. ఒక్కో కుటుంబానికి పరిహారాన్ని 2021లో 10 లక్షల నుంచి 15 లక్షల రూపాయలకు పెంచారు. నగదు వద్దనుకుంటే భూమి, ఇల్లు ఇచ్చే మరో పద్ధతి ఉంది. కాగితం మీద ఇది ఉదారంగానే కనిపిస్తుంది. కానీ ఊళ్లో డబ్బు ఒంటరిగా పనిచేయదు. భూమి కొనాలంటే అమ్మేవాడు కావాలి, సాక్షి కావాలి, పట్టా మార్పించే పలుకుబడి కావాలి, బోరు ఎండితే అప్పిచ్చే బంధువు కావాలి. మన గ్రామాల్లో ఇవన్నీ కులం ద్వారా అందేవే. ఆ కులబంధం లేని కుటుంబం చేతిలో 15 లక్షలు ఎన్నాళ్లుంటాయి? ఇచ్చిన భూమి కౌలు పేరుతో, అప్పు పేరుతో ఎవరి చేతికి పోతుంది?

ఇది ఊహ కాదు. అడవి అంచున, మైదానంలో ఇప్పటికే ఎన్నో చెంచు కాలనీలున్నాయి. పరిశోధన పనుల మీద ఈ జిల్లాల్లో తిరిగేటప్పుడు ఆ కాలనీ ఎక్కడుందో నేను ఎవరినీ అడగనవసరం లేకపోయింది. ఊరు దాటి, ఎస్సీ వాడ కూడా దాటి, చివరన ఉంటుంది. 2024 జూన్‌లో కొల్లాపూర్ మండలంలో ఒక చెంచు మహిళపై జరిగిన అమానుష హింస రాష్ట్రాన్ని కలచివేసింది. ఆ ఘటన వెనుక ఉన్నది పులి కాదు. ఆమె కుటుంబపు భూమి, దాన్ని కౌలుకు తీసుకున్నవారి పెత్తనం. ఇదే ప్రాంతంలో కృష్ణా వెనుక జలాల్లో చేపల కాంట్రాక్టర్ల వద్ద అప్పుకు కట్టుబడి వెట్టి చేస్తున్న చెంచు కుటుంబాలను విడిపించిన వార్తలు కూడా చదివాం. అడవి బయట చెంచుకు ఎదురయ్యే 'అభివృద్ధి' రూపం ఇదీ.

నిర్వాసితుల అనుభవం ఈ మూడు జిల్లాలకు కొత్త కాదు. 1981లో శ్రీశైలం జలాశయం నిండినప్పుడు అప్పటి కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో దాదాపు నూరు గ్రామాలు ఖాళీ అయ్యాయి. నేటి గద్వాల జిల్లాలోని అలంపూర్, వనపర్తి జిల్లాలోని వీపనగండ్ల, నాగర్‌కర్నూల్ జిల్లాలోని కొల్లాపూర్ ప్రాంతాలు ఆ దెబ్బ తిన్నవే. నాటి పరిహారానికి ఆధారం 1894 నాటి భూసేకరణ చట్టం. ఆ చట్టం పట్టా ఉన్నవాడినే నష్టపోయినవాడిగా గుర్తించింది. పాలేరు, చేపలు పట్టే బెస్త, చాకలి, మంగలి, మాదిగ డప్పు కళాకారుడు నష్టపోయిన బతుకుకు దాని లెక్కలో గడి లేదు. ఇంటికో ఉద్యోగమని 1986లో జీవో 98 వచ్చింది. దాని అమలు కోసం నిర్వాసితులు దశాబ్దాల తరబడి దీక్షలు చేశారు. నా తరగతిలో చదివిన ఒక వనపర్తి విద్యార్థి ఇంట్లో తాత పేరిట ఉన్న ఆ దరఖాస్తు ఫైలును ఇంకా భద్రంగా దాచుకున్నారు. తాత పోయాడు, తండ్రికి వయసు మీరింది, ఫైలు మాత్రం ఉంది.

అదే మునకలో కృష్ణా-తుంగభద్ర సంగమం వద్ద ఉన్న కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని విడదీసి, అలంపూర్‌కు తెచ్చి తిరిగి నిలబెట్టారు. ఆ చాళుక్య శిల్పాన్ని కాపాడుకోవడం మంచి పనే. కానీ ఒక రాయి పక్కన ఏ రాయి ఉండాలో అంత శ్రద్ధగా రాసుకున్న రాజ్యం, ఒక మనిషి పక్కన ఏ మనుషులు ఉండేవారో రాసుకోలేదు. ఊళ్లు చెల్లాచెదురయ్యాయి. చెంచుల విషయంలో మనం మళ్లీ చేయబోతున్నది ఇదే పొరపాటు.

దీనికి వచ్చే అభ్యంతరాలు తేలికైనవి కావు. పులికి అలజడి లేని విశాలమైన చోటు కావాలన్నది శాస్త్రీయ సత్యం. లోపలి పెంటల్లో బడి లేదు, ఆసుపత్రి దూరం, ప్రసవానికి మంచం మీద మోసుకుపోయే దుస్థితి ఉంది. బయటికి వస్తామని కొన్ని కుటుంబాలు స్వయంగా అంటున్నాయి. ఈ గ్రామాల్లో చెంచులు కాని కుటుంబాలూ ఉన్నాయి, వారి ఆలోచన వేరుగా ఉండవచ్చు. వెళ్లాలనుకునేవారిని అడవిలోనే ఉండమని శాసించే హక్కు నగరంలో కూర్చుని రాసే నాకు లేదు. కానీ వైద్యం, చదువు అందక వచ్చే 'సమ్మతి'ని స్వేచ్ఛా సమ్మతి అనవచ్చునా? దశాబ్దాల పాటు బడి ఇవ్వకుండా, చివరికి బడి కావాలంటే ఇల్లు వదలమనడం బేరమే తప్ప పునరావాసం కాదు.

చట్టం కూడా ఇదే చెబుతోంది. 2006 అటవీ హక్కుల చట్టంలోని సెక్షన్ 4(2) ప్రకారం ముందు హక్కుల గుర్తింపు పూర్తి కావాలి. మనుషుల ఉనికి వల్ల వన్యప్రాణులకు కోలుకోలేని హాని జరుగుతోందని నిరూపించాలి. సహజీవనం వంటి వేరే మార్గం లేదని తేల్చాలి. గ్రామసభ స్వేచ్ఛగా, విషయం తెలిసి, రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. కొత్త చోట భూమి, వసతులు సిద్ధమయ్యే దాకా ఎవరినీ కదపరాదు. అలా ఖాళీ చేసిన అడవిని ఆ తరువాత మరో అవసరానికి మళ్లించరాదు. కానీ 2017 మార్చిలో పులుల సంరక్షణ సంస్థే కీలక ఆవాసాల్లో హక్కుల గుర్తింపును ఆపాలని ఉత్తర్వు ఇచ్చి, ఏడాది తరువాత వెనక్కి తీసుకుంది. హక్కు పత్రం చేతికి రాకముందే ఖాళీ చేయించాలన్న తొందర ఎక్కడి నుంచి వస్తోందో దీన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు.

సహజీవనం అసాధ్యమన్న వాదనకు పక్క రాష్ట్రమే సమాధానం. కర్ణాటకలోని బిళిగిరి రంగనబెట్ట అభయారణ్యంలో 2011లో సోలిగలకు సామూహిక అటవీ హక్కులు గుర్తించారు. ఆ తరువాతి గణనలో అక్కడ పులులు తగ్గలేదు, పెరిగాయి. ఒక్క చోటు అనుభవం ప్రతి అడవికీ సూత్రం కాకపోవచ్చు. కానీ పులి ఉండాలంటే మనిషి పోవాలన్న మాట నిరూపితమైన సత్యం కాదని చెప్పడానికి అది చాలు.

కనుక కోరవలసినవి స్పష్టమే. అమ్రాబాద్ చెంచులకు చట్టంలోని సెక్షన్ 3(1)(ఇ) కింద ఆవాస హక్కులను ముందు గుర్తించాలి. మధ్యప్రదేశ్‌లో బైగాలకు అది సాధ్యమైంది. బడి, వైద్యం పెంటల వద్దకే వెళ్లాలి. తమంతట తాము బయటికి రాదలచినవారికి నగదు కాకుండా, అన్యాక్రాంతం కాని భూమిని, పెంట మొత్తం ఒకే చోట ఉండేలా ఇవ్వాలి. మరి కొన్నేళ్ల తరువాత ఆ భూమి ఎవరి సాగులో ఉందో ప్రభుత్వం ఏటా లెక్క చెప్పాలి.

చివరి మాట దళిత, బహుజన విద్యార్థులకు. రిజర్వేషన్ల వర్గీకరణపై ఇంత చర్చ జరిగిన రాష్ట్రంలో, ఎస్టీ జాబితా అడుగున ఉన్న చెంచులకు వాటా అడిగే గొంతు కూడా లేదు. నరసింహస్వామికి చెంచులక్ష్మిని ఇచ్చి పెళ్లి చేశాం, శ్రీశైల మల్లన్నను చెంచు మల్లయ్య అని పిలుచుకున్నాం. దేవుడికి పిల్లనిచ్చిన ఇంటివారిని ఊరి చివర కూలీలుగా నిలబెట్టడానికి మాత్రం మనకు అభ్యంతరం లేదు. కులాన్ని నిర్మూలించలేకపోయిన మనం, కనీసం కులం అంటని ఒక సమాజాన్ని బలవంతంగా అందులోకి దించకుండానైనా ఆపాలి. నల్లమలలో పులి బతకాలి. ఆ పులి పేరు చెప్పి ఇంకో అంటరాని వాడను కట్టకూడదు.