పునరుక్తి దోషమా? ప్రేమకు ప్రాణమా?

"సంకీర్తనలో పల్లవిని పదేపదే పాడడం కాలహరణం. ఒకసారి చెప్పినదానిని మరల చెప్పడం మందబుద్ధుల కోసమే" అని ఒక వాదం వినబడుతున్నది. "శృంగారసంకీర్తనలలోని నాయికానాయకులు కేవలం పైపూత. లోని తత్త్వాన్ని గ్రహించి ఆ పూతను గీకి పారవేయాలి" అని వేఱొక వాదం. మొదటిది తీరిక లేదన్న నెపంతో, రెండవది మర్యాద పేరుతో ప్రచారమవుతున్నాయి. రెండింటి ఫలమూ ఒక్కటే: భక్తికవిత్వం నుండి ఆవృత్తినీ రూపకాన్నీ తొలగించి, మిగిలిన పిప్పిని సారమని పంచిపెట్టడం. ఈ వాదాలు శాస్త్రానికీ, ప్రేమస్వభావానికీ విరుద్ధాలు.

పునరుక్తిని ఆలంకారికులు దోషాలలో లెక్కించిన మాట నిజమే. అయితే ఉత్సర్గం చెప్పిన శాస్త్రమే అపవాదాన్నీ చెప్పింది. అనుకంప మొదలైన భావాల అతిశయాన్ని చెప్పదలచినప్పుడు పునరుక్తి దోషం కాదనీ, పైగా అలంకారమే అవుతుందనీ దండి కావ్యాదర్శంలో నిర్ణయించాడు. పాణిని సైతం అష్టాధ్యాయి 8వ అధ్యాయంలో ద్విరుక్తికి నిత్యత్వాన్నీ వీప్సనూ అర్థాలుగా చెప్పాడు. క్రియ ఎడతెగక సాగడం నిత్యత్వం. అన్నింటినీ వ్యాపించాలనే ఇచ్ఛ వీప్స. మనం 'తలచి తలచి' అన్నప్పుడు రెండు తలపులను లెక్కపెట్టడం లేదు, తెంపులేని తలపును చెబుతున్నాం. 'ఇంటింటా' అన్నప్పుడు ఏ ఇల్లూ మిగలదు. తెంపు లేకపోవడం, అంతటా నిండడం ప్రేమకు లక్షణాలు కావా? అట్టి ప్రేమ ఒక్కసారి పలికి ఊరుకోగలదా?

ఇక 'మందబుద్ధుల కోసం' అన్న ఆక్షేపం. ఛాందోగ్యోపనిషత్తు ఆఱవ అధ్యాయాన్ని చూడండి. శ్వేతకేతువు మందబుద్ధి కాడు. గురుకులంలో 12 సంవత్సరాలు వేదాధ్యయనం చేసి వచ్చినవాడు. అతనికి తండ్రి ఉద్దాలకుడు ఒకే మహావాక్యాన్ని 9 మార్లు ఉపదేశించాడు. మరల చెప్పుమని అర్థించినవాడు ఆ కుమారుడే. వాక్యం మారలేదు, దృష్టాంతం మాత్రం మారుతూ వచ్చింది: తేనెలో కలసిపోయిన పూలరసాలు, సముద్రంలో చేరిన నదులు, మఱ్ఱిగింజ, నీట కరగిన ఉప్పు, కన్నులకు గంతలు కట్టి అడవిలో విడువబడిన గాంధారదేశీయుడు. తాత్పర్యనిర్ణయానికి పెద్దలు చెప్పిన ఆఱు లింగాలలో అభ్యాసం ఒకటి. మరల మరల చెప్పబడినదే గ్రంథతాత్పర్యమని దాని భావం. ఆవృత్తిని తొలగించడమంటే తాత్పర్యాన్ని చూపే గుర్తును చెరపివేయడమే.

బ్రహ్మసూత్రాలలో నాలుగవ అధ్యాయం ఆవృత్తివిచారంతోనే ఆరంభమవుతుంది. అక్కడ శంకరభగవత్పాదులు రెండు దృష్టాంతాలు చూపారు. మొదటిది వడ్లు దంచడం. ఒక్క రోకటిపోటుతో బియ్యం రావు. బియ్యం కనబడేవరకు దంచవలసినదే. రెండవది, భర్త దూరదేశం వెళ్ళగా ఉత్కంఠతో ఆయననే నిరంతరం స్మరించే స్త్రీ. అట్టి స్మరణనే లోకం 'ధ్యానం' అంటున్నదని ఆచార్యులు చూపారు. ఆలంకారికులు 'ప్రోషితభర్తృక' అనే నాయిక ఈమెయే. క్షేత్రయ్య పదాలలో మువ్వగోపాలుని కోసం వేగిపోయే విరహిణి ఈమెయే. అద్వైతభాష్యంలో ఉపాసనకు దృష్టాంతమైన ఈ స్త్రీని పదకవిత్వంలో చూసి సిగ్గుపడేవారు ఏ శాస్త్రం ఆధారంగా సిగ్గుపడుతున్నారు?

ప్రతిపక్షంలో బలమైన మాట ఒకటి ఉన్నది: ఒక్కసారి వినగానే సాక్షాత్కారం పొందే ఉత్తమాధికారికి ఆవృత్తి అక్కరలేదని భాష్యకారులే అంగీకరించారు కదా! నిజమే. అట్టివారికి నమస్కారం. అయితే పల్లవిని కత్తిరించేవారు ఆ అధికారం తమకు ఉన్నదని చెప్పగలరా? చిలుకపలుకుల వలె మనసు లేక వల్లించడం వ్యర్థమన్న మాటనూ అంగీకరిస్తాం. దానికి మందు మనసు పెట్టడం. మాటను తగ్గించడం కాదు.

కవుల ఆవృత్తి యాంత్రికం కాదు. జయదేవుని గీతగోవిందంలో 12 సర్గలు, 24 గీతాలు. చరణం తరువాత చరణం క్రొత్త భావాన్ని తెస్తుంది, ధ్రువం మాత్రం మరల అదే. అన్నమాచార్యుల సంకీర్తనలలో పల్లవి పనీ అదే. మొదట విన్నప్పుడు నింద వలె తోచిన పల్లవి, రెండవ చరణం తరువాత వేడుకోలు కావచ్చు. చివరి చరణం తరువాత శరణాగతి కావచ్చు. అక్షరాలు అవే, వినే హృదయం మారింది. మన శతకాలలో మకుటమూ ఇట్టిదే. పద్యంలో కవి ఎంత దూరం తిరిగినా, ఎంత వాదులాడినా, చివరికి స్వామిని పేరుపెట్టి పిలువక తప్పదు. శతకాన్ని 'ఎంపిక చేసిన 10 పద్యాలు'గా కుదించినవారు 90 పిలుపులను తొలగించారు.

రూపకం విషయమూ ఇంతే. ఉపమలో 'వలె' అనే దూరం మిగిలి ఉంటుంది. రూపకం ఆ దూరాన్ని తుడిచి అభేదాన్ని చెబుతుంది. జీవుడు నాయిక 'వలె' ఉన్నాడనడం శాస్త్రవ్యాఖ్య. తానే నాయికయై తలుపు వద్ద నిలబడడం భక్తి. అన్నమాచార్యుల రాగిరేకులలో అధ్యాత్మసంకీర్తనల కంటె శృంగారసంకీర్తనలే అధికం. అది పైపూతయే అయితే, అంత పూత పూయవలసిన అవసరం ఆ మహానుభావునికి ఏమి? ప్రేమస్వరూపం అనిర్వచనీయమనీ, మూగవాడు ఎఱిగిన రుచివంటిదనీ నారదభక్తిసూత్రాలు చెబుతున్నాయి. చెప్పరానిదానిని చెప్పబూనినవానికి ఏ ఒక్క రూపకమూ చాలదు. అందుకే రూపకాలు మారుతాయి, పిలుపు మాత్రం నిలిచి ఉంటుంది.

శృంగారంలో దేహాన్ని మాత్రమే చూసేవారు ఒక తప్పు చేస్తున్నారు. దేహాన్ని తుడిచివేసి తత్త్వాన్ని మాత్రమే చూపబోయేవారు ఇంకొక తప్పు చేస్తున్నారు. ఉద్దాలకుడు ఉప్పు కలిపిన నీటిని చూపి, ఉప్పును చేతితో తీసి ఇమ్మన్నప్పుడు శ్వేతకేతువుకు అది దొరకలేదు. పైననుండీ, నడుమనుండీ, అడుగునుండీ ఆచమించినప్పుడే అంతటా ఉన్నదని తెలిసింది. పదంలో తత్త్వమూ అట్లే కరగి ఉన్నది. వేరుచేసి చేతికిస్తామనేవారిని నమ్మకండి.

సాధకులారా! పిల్లలకు సంకీర్తన నేర్పేటప్పుడు పల్లవిని పూర్తిగా, ప్రతి చరణం తరువాతా పాడించండి. అర్థం అడిగితే సారాంశం చెప్పి ముగించక, నాయిక మాటను నాయిక మాటగానే మొదట విననివ్వండి. తల్లి బిడ్డను రోజుకు ఎన్నిమార్లు పిలిచినా అది పునరుక్తి అని ఎవరూ అనరు. పరమాత్మను పిలిచేటప్పుడు మాత్రం ఈ లెక్కలు ఎందుకు?

సర్వం శ్రీకృష్ణార్పణమస్తు.