ఊరి పేరు – మాట బాధ్యత

"నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుంది" అన్నది తెలుగువారి సామెత. మంచిగా మాట్లాడేవారిని అందరూ ఆదరిస్తారని దాని భావం. నేటి కాలంలో ఈ సామెతను మరొక విధంగా కూడ అన్వయించుకోవలసి ఉంది. ఒక ఊరిని గురించి పదిమంది నోట వెలువడే మాట ఆ ఊరి వర్తకాన్ని, అక్కడి ప్రజల గౌరవాన్ని సైతం నిర్ణయిస్తున్నది. పూర్వం ఆ మాట సంతలో పుట్టి, చాలావరకు సంతలోనే అణగిపోయేది. నేడు అది అరచేతిలోని ఫోనులో పుట్టి క్షణాలలో దేశాలు దాటుతున్నది. శ్రీకాకుళం జిల్లాలోని పలాస, టెక్కలి, ఉద్దానం ప్రాంతాల అనుభవమే ఇందుకు నిదర్శనం.

పలాస అనగానే తెలుగువారికి గుర్తుకు వచ్చేది జీడిపప్పు. పిక్కలను వేడిచేసి, పెంకు పగులగొట్టి, పప్పును ఆరబెట్టి, పైపొర ఒలిచి, గుండ్లు, బద్దలు, ముక్కలుగా వేరుచేసే శ్రమ వెనుక వేలాది కార్మికులున్నారు. వారిలో అధికులు స్త్రీలు. గుండు పప్పుకు డబ్ల్యు 240, డబ్ల్యు 320 వంటి గుర్తులుంటాయి. ఒక పౌను బరువుకు సుమారు ఎన్ని పప్పులు తూగుతాయో ఆ అంకె తెలుపుతుంది. అంకె తగ్గినకొద్దీ పప్పు పెద్దదన్నమాట. కొనేవాడు దూరాన ఉండి సరుకును చూడకుండానే ఆ అంకెను నమ్ముతాడు. ఈనాడు చిన్న వర్తకుడు కూడ ఫోనులో ఫొటో పంపి, పొరుగు రాష్ట్రంలోని కొనుగోలుదారుతో నేరుగా బేరమాడగలడు. ఇది గొప్ప సౌకర్యమే. కాని చూపిన ఫొటో ఒకటి, పంపిన సరుకు మరొకటి అయితే మోసపోయినవాడు ఆ వర్తకుని ఒక్కనినే నిందించడు. 'పలాస పప్పు ఇంతే' అంటాడు. ఒక్కరి కక్కుర్తి అందరి పేరునూ చెరుపుతుంది. పేరు ఊరుమ్మడి పెట్టుబడి అని వర్తకులు గ్రహించాలి.

టెక్కలి ప్రాంతం నీలిరంగు గ్రానైటుకు ప్రసిద్ధి. ఆ సమీపంలోని తేలినీలాపురం పక్షులకు నెలవు. అక్కడికి ఏటా వచ్చే పెలికాన్లను, పెయింటెడ్ స్టార్క్ కొంగలను 'సైబీరియా పక్షులు' అని పిలవడం పరిపాటి. నిజానికి ఈ రెండు జాతులూ దక్షిణాసియాలో గూళ్లు కట్టుకొని పిల్లలను పెంచేవే. సైబీరియాతో వాటికి సంబంధం లేదు. అయినా ఒకరు అన్న మాటను మరొకరు అనడంవల్ల అది సత్యంగా స్థిరపడిపోయింది. ఈ పొరపాటువల్ల ఎవరికీ హాని లేదు. అన్ని పొరపాట్లూ ఇటువంటివి కావు.

ఉద్దానం అన్న పేరు 'ఉద్యానం' నుంచి వచ్చిందని చెబుతారు. కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలతో కళకళలాడే ఈ సముద్రతీరం కొన్ని దశాబ్దాలుగా మూత్రపిండాల వ్యాధితో బాధపడుతున్నది. మధుమేహం, రక్తపోటు లేనివారికి సైతం ఈ వ్యాధి సోకడం శాస్త్రజ్ఞులను ఆలోచింపజేసింది. శ్రీలంకలోను, మధ్య అమెరికాలోని నికరాగువా, ఎల్ సాల్వడార్ దేశాలలోను ఇటువంటి వ్యాధి కనిపించింది. ఎన్నో పరిశోధనలు జరిగినా ఇదే కారణమని నిశ్చయంగా తేలలేదు.

ఈ బాధ లోకానికి తెలియడంలో పత్రికలు, టెలివిజన్, సామాజిక మాధ్యమాలు చేసిన మేలు తక్కువది కాదు. 2017 జనవరిలో సినీనటుడు పవన్ కల్యాణ్ ఇచ్ఛాపురంలో బాధితులను కలిసినప్పుడు ఉద్దానం రాష్ట్రమంతటా చర్చనీయాంశమైంది. క్రమంగా డయాలసిస్ సౌకర్యాలు పెరిగాయి. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. వంశధార నీటిని హిరమండలం జలాశయం నుంచి ఉద్దానం గ్రామాలకు అందించే పథకం కూడ అప్పుడే ఆరంభమైంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఈ తీరాన్ని తాకి, కొబ్బరి, జీడి తోటలను నేలమట్టం చేసినప్పుడు కూడ కూలిన చెట్ల దృశ్యాలే రైతుల కష్టాన్ని దూరప్రాంతాలవారికి తెలిపాయి. మాట బయటికి రాకపోతే సహాయం లోపలికి రాదు.

అయితే అదే ప్రచారం మరొక గాయం చేసింది. 'ఉద్దానం అంటే కిడ్నీ జబ్బు' అన్న ముద్ర పడింది. ఆ ప్రాంతపు పిల్లతోగాని, పిల్లవానితోగాని వియ్యమందడానికి వెనుకాడేవారున్నారు. ఈ వ్యాధి అంటువ్యాధి కాదు. మనిషిని తాకితే, కలిసి భోజనం చేస్తే అది రాదు. ఈ చిన్న సత్యాన్ని చెప్పకుండా భయాన్ని మాత్రమే పంచే సందేశం ఒక కుటుంబం ఆశను తుంచివేయగలదు. ఆ సందేశాన్ని ముందుకు పంపినవాడికి తాను చేసిన హాని తెలియనే తెలియదు.

కొందరు, "అసలు ఈ వ్యాధి మాట ఎత్తకుంటే ఊరి పేరు నిలుస్తుంది గదా" అని వాదించవచ్చు. ఈ వాదంలోని బాధ అర్థం చేసుకోదగినదే. వాదం మాత్రం అంగీకరించదగినది కాదు. మూత్రపిండాల వ్యాధి తొలిదశలో లక్షణాలు సాధారణంగా బయటపడవు. రక్త, మూత్ర పరీక్షల ద్వారానే అది తెలుస్తుంది. పరువుకు వెరచి పరీక్ష చేయించుకోనివాడు విలువైన కాలాన్ని కోల్పోతాడు. దాచిన రోగం ముదురుతుంది. దాచిన నిజం వదంతికి చోటిస్తుంది. కనుక కావలసినది మౌనం కాదు, సమగ్రమైన సత్యం. వ్యాధి ఉన్నదని చెప్పిన నోటితోనే అది అంటదని చెప్పాలి. కారణం తేలలేదని ఒప్పుకొంటూనే పరీక్ష అవసరమని బోధించాలి. ఉద్దానాన్ని రోగుల ఊరుగానే చూపక, తుపానుకు కూలిన తోటల స్థానంలో మళ్లీ మొక్క నాటే రైతునూ చూపాలి.

ప్రచారం కత్తి వంటిది. వైద్యుని చేతిలో అది ప్రాణం నిలుపుతుంది. అజాగ్రత్తపరుని చేతిలో గాయం చేస్తుంది. నేడు ప్రతి విద్యార్థి చేతిలోనూ ఆ కత్తి ఉన్నది. ఒక వార్త చేరగానే అది నిజమా, సగం నిజమా, దానివల్ల ఎవరికి మేలు, ఎవరికి కీడు అని ఒక్క నిమిషం ఆలోచించడం విద్యావంతుని కనీస ధర్మం. పప్పులో గుండును, ముక్కను వేరుచేసే పలాస కార్మికురాలికి ఉన్న శ్రద్ధ, మాటలో నిజాన్ని, అబద్ధాన్ని వేరుచేసేవారికీ ఉండాలి. అప్పుడే నోరూ మంచిదవుతుంది, ఊరూ మంచిదవుతుంది.