ఐపీఎల్: 27 కోట్లు.. 269 పరుగులు.. పంత్‌పై పెందుర్తి అభిమాని లెక్క ఎక్కడ తప్పింది?

పెందుర్తి (విశాఖపట్నం): ఒక్క పరుగు ఖరీదు 10 లక్షలు! ఐపీఎల్ 2025లో రిషభ్ పంత్ ఆట చూసి ఒళ్లు మండిన అభిమాని ఫోన్‌లో కాలిక్యులేటర్ తెరిస్తే తేలే లెక్క ఇది. లక్నో సూపర్ జెయింట్స్ ఇచ్చింది 27 కోట్లు. 14 మ్యాచ్‌ల్లో అతను కొట్టింది 269 పరుగులు. అందులోనూ 118 ఆఖరి మ్యాచ్‌లో వచ్చినవే. అంతకుముందు 13 మ్యాచ్‌ల్లో కలిపి 151. అప్పటిదాకా పరుగు రేటు దాదాపు 18 లక్షలు!

ఈ కోపం విశాఖలో కాస్త ఎక్కువే ఉంటుంది. ఎందుకంటే ఆ సీజన్‌లో పంత్ వైఫల్యం మొదలైందే ఇక్కడ. పెందుర్తి నుంచి స్టేడియానికి వెళ్లాలంటే వేపగుంట, సింహాచలం దాటి, హనుమంతవాకలో హైవే ఎక్కి, మధురవాడ చేరాలి. అర్ధరాత్రి మళ్లీ అదే దారిలో వెనక్కి. 2025 మార్చి 24న అలా వెళ్లినవాళ్లు చూసింది ఏంటి? మిచెల్ మార్ష్ 36 బంతుల్లో 72, నికోలస్ పూరన్ 30 బంతుల్లో 75. కెప్టెన్ పంత్.. 6 బంతులాడి సున్నా. అది చాలదన్నట్టు ఆఖరి ఓవర్‌లో ఢిల్లీ చివరి వికెట్ మీద ఉండగా మోహిత్ శర్మ స్టంపింగ్ చేజార్చాడు. అది అందుకుని ఉంటే మ్యాచ్ లక్నోదే. రెండు బంతుల తర్వాత అశుతోష్ శర్మ సిక్స్ కొట్టి ఢిల్లీని గెలిపించేశాడు. ఆ రాత్రి 31 బంతుల్లో 66 బాదిన అశుతోష్ ధర 3.8 కోట్లు.

అసలు బాధ ఇంకోటి ఉంది. ఏడాది ముందు, 2024లో, ఇదే గ్రౌండ్‌లో ఇదే పంత్ ఢిల్లీ తరఫున చెన్నైపై 51, కోల్‌కతాపై 25 బంతుల్లోనే 55 కొట్టాడు. కారు ప్రమాదం నుంచి కోలుకుని వచ్చాక అతని తొలి అర్ధ సెంచరీ చూసింది విశాఖ జనమే. అప్పుడతని ధర 16 కోట్లు. 11 కోట్లు పెరిగింది, ఆట మాయమైంది!

మరి 27 కోట్లు ఎలా వచ్చాయి? 2024 నవంబర్ 24న జెడ్డాలో వేలం. లక్నో 20.75 కోట్ల దగ్గర ఆగింది. పాత జట్టు ఢిల్లీ రైట్ టు మ్యాచ్ కార్డు తీసింది. కొత్త రూల్ ప్రకారం లక్నోకి ఒక్కసారి రేటు పెంచే ఛాన్స్ ఉంది. ఏకంగా 27 అంది. ఢిల్లీ తప్పుకుంది. అంటే ఆరుంపావు కోట్లు పెరగడానికి పంత్ కొట్టిన పరుగులు కాదు, ఢిల్లీ వెనక్కి తగ్గాలన్న పంతమే కారణం. 120 కోట్ల పర్సులో దాదాపు పావు వంతు ఒక్కడికే పెట్టేసిన తప్పు పాడిల్ ఎత్తిన టేబుల్‌ది. ట్రోలింగ్ మాత్రం ఆటగాడికి.

పరుగు రేటు లెక్క ఎంత తమాషాగా ఉంటుందో చూడండి. పంజాబ్‌ని ఫైనల్‌కి తీసుకెళ్లిన శ్రేయస్ అయ్యర్ 26.75 కోట్లకు 604 పరుగులు చేశాడు. పరుగుకి సుమారు 4.4 లక్షలు. మన గాజువాక కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డిని సన్‌రైజర్స్ 6 కోట్లకు అట్టిపెట్టుకుంటే 13 మ్యాచ్‌ల్లో 182 చేశాడు. పరుగుకి 3.3 లక్షలే. అంటే శ్రేయస్ కంటే నితీశ్ మంచి బేరమా? సొంతూరి గ్రౌండ్‌లో మార్చి 30న నితీశ్ స్టార్క్ బౌలింగ్‌లో సున్నాకే అవుటైన సంగతి చూసినవాళ్లెవరూ మర్చిపోలేదు. మనోడు కాబట్టి ఎవరూ కాలిక్యులేటర్ తీయలేదు, అంతే.

ఇంకో లెక్క. ఐపీఎల్ అయిన నెలలోపే హెడింగ్లీ టెస్టులో పంత్ 134, 118 కొట్టాడు. టెస్టు మ్యాచ్ ఫీజు 15 లక్షలు. పరుగుకి 6 వేల రూపాయలు కూడా పడలేదు!

అలాగని పంత్‌కి క్లీన్ చిట్ ఇవ్వక్కర్లేదు. ఏప్రిల్ 22న సొంతగడ్డ లక్నోలో ఢిల్లీతో మ్యాచ్‌లో కెప్టెనే ఏడో నంబర్‌కి జారుకున్నాడు. రెండు బంతులుండగా వచ్చి సున్నాకే బౌల్డ్. అతి ఖరీదైన ఆటగాడు కష్టకాలంలో ముందుకు రావాలి గానీ దాక్కుంటే ఎలా? ఫ్యాన్ నిలదీయాల్సింది ఇక్కడే. బెంగళూరుపై 61 బంతుల్లో బాదిన ఆ 118 నాటౌట్ కూడా లక్నో రేసులోంచి తప్పుకున్నాక వచ్చిందే. అప్పటికీ మ్యాచ్ ఓడారు. సీజన్ ముగిసేసరికి జట్టు ఏడో స్థానం.

రేట్లు దిగిరావని కాదు. 23.75 కోట్లు తీసుకుని 142 పరుగులే చేసిన వెంకటేశ్ అయ్యర్‌ని కోల్‌కతా వదిలేసింది. 2025 డిసెంబర్ వేలంలో బెంగళూరు 7 కోట్లకే కొనుక్కుంది. పంత్‌ని మాత్రం లక్నో 2026కీ అట్టిపెట్టుకుంది. అదే 27 కోట్లకి.