మిషను మీద చెయ్యి ఎవరిది?

"సార్ ఎప్పుడొస్తరు మేడం? ఆయనకే సమ్‌జాయిస్త." సంగారెడ్డిలో మా ఇంటికి, చెక్క చెక్కే కంప్యూటర్ మిషను బిగించడానికొచ్చిన కుర్రాడి మొదటి మాట ఇది. డబ్బు కట్టింది నేను, నేర్చుకునేది నేను. పాఠం మాత్రం ఇంట్లో లేని మగవాడికి! పటాన్‌చెరు కార్మిక స్త్రీల గురించి ఏళ్ళ తరబడి రాస్తున్న నాకు, అదే అవమానం నా గుమ్మంలోనే ఎదురైంది.

ఇంతకీ ఇందులో బ్రహ్మవిద్య ఏముంది? కుడిఎడమలకు ఎక్స్, ముందువెనకలకు వై, పైకీ కిందికీ జెడ్. మనం గీసిన బొమ్మను సాఫ్ట్‌వేర్ జీ-కోడ్ అనే ఆజ్ఞలుగా మారుస్తుంది. చుక్కలు లెక్కపెట్టి ముగ్గేసే స్త్రీకి ఇది కొత్త లెక్క కాదు. మొదట్లో వేగం ఎక్కువ పెట్టి రెండు బిట్లు విరగ్గొట్టాను. చెక్కను కదలకుండా బిగించాలనీ, లోతును ఒకేసారి కాక పొరలుపొరలుగా కొయ్యాలనీ ఆ విరిగిన బిట్లే నేర్పాయి. మగవాడు విరగ్గొడితే అనుభవం. మనం విరగ్గొడితే "ఆడవాళ్ళకు మిషన్లెందుకు?"

1948 ఫ్యాక్టరీల చట్టం 21వ సెక్షన్, యంత్రాలకు రక్షణ కవచం వెయ్యమని యజమానిని ఆదేశించింది. 22వ సెక్షన్, ప్రమాదమున్న చోట తిరుగుతున్న యంత్రాన్ని తుడవడం, నూనె వెయ్యడం, సరిచెయ్యడం స్త్రీలకూ చిన్నవయసువారికీ కలిపి నిషేధించింది. మనల్నీ పిల్లల్నీ ఒకే గాటన కట్టింది. యంత్రం మగవాడి వేలునైనా వదులుతుందా? 2025 నవంబరు 21న కొత్త కోడ్ అమల్లోకొచ్చి ఆ చట్టం పోయింది. ఆ ఆలోచన పోలేదు. స్త్రీలకు శిక్షణ అనగానే ఈనాటికీ మనకు గుర్తొచ్చేది కుట్టుమిషనే. 2022 మార్చి 8న పటాన్‌చెరు దగ్గర సుల్తాన్‌పూర్‌లో 50 ఎకరాల్లో మహిళా పారిశ్రామికవేత్తల పార్కు ప్రారంభమైంది. సంతోషమే. కానీ యజమానురాళ్ళు పెరిగితే చాలదు, మిషను నడిపే స్త్రీలూ పెరగాలి.

అలాగని "ఇంట్లోనే ఉండి సంపాదించుకోండి" అనే తీపిమాటకు లొంగిపోదామా? ఇంట్లో చేసే పనికి కూలి ఎలా తెగుతుందో బీడీలు చుట్టిన తెలంగాణ స్త్రీలను అడగండి. చెక్కపొడి మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ 1995లోనే ప్రకటించింది. ఇల్లే కార్ఖానా అయితే ఆ పొడి రాలేది వంటగదిలో. ఊడ్చేదీ ఆమె, పీల్చేదీ ఆమె. అడగడానికి ఇన్‌స్పెక్టరు కూడా రాడు.

అందుకే మనం అడగాల్సింది ఇంటికో మిషను కాదు. మండలానికో ఉమ్మడి షెడ్డు కావాలి. అందులో పొడి లాగే యంత్రం, మాస్కులు, కళ్ళద్దాలు, నేర్పడానికి ఒక స్త్రీ ఉండాలి. మిషను సంఘం పేరునే ఉండాలి.

స్వచ్ఛంద సంస్థల్లో పనిచేస్తున్న మిత్రులారా, వచ్చే ప్రాజెక్టు కాగితంలో "కుట్టుమిషన్లు - 20" అని రాసేముందు కలం ఆపండి. ఏం నేర్చుకుంటారో ముందు ఆ స్త్రీలను అడగండి.