రోజుకు ఒక్క అక్షరం

ప్రతి ఉగాదికీ మన సంఘంలో అనుకుంటాం, ఈ ఏడు తెలుగు చదవడం నేర్చేసుకోవాలని. ఆషాఢానికల్లా పలక అటకెక్కుతుంది. 2006 చట్టంతో తమిళనాడు బడుల్లో తమిళం విడతలుగా తప్పనిసరి అయింది, మన హోసూరు పిల్లల్లో చాలామందికి తెలుగు నోటిదాకానే మిగిలింది. నిజమే. కానీ సాయంత్రం పది నిమిషాలు ఏ చట్టమూ లాక్కోలేదు కదా!

గురి చిన్నది పెట్టుకుందాం. వర్ణమాలలో 56 అక్షరాలు. ౠ, ఌ లాంటివి ఇప్పుడు వాడుకలో లేవు, వదిలేద్దాం. రోజుకొకటి చొప్పున రెండు నెలలు చాలు. అసలు కష్టం గుణింతాలు, ఒత్తుల దగ్గరే, చాలామంది ఆగిపోయేదీ అక్కడే. అందుకే చదవడం వచ్చిన అవ్వనో తాతనో జతకు కూర్చోబెట్టుకోవాలి. భారతం సంగతి తర్వాత చూద్దాం. ముందు బస్సు బోర్డు మీద ‘కుప్పం’ అని కూడబలుక్కుని చదివిన రోజు గ్రూపులో చెప్పండి.