మీ చేతికి తగిన బ్యాటు



వేసవి సెలవులు దగ్గరపడగానే మీలో చాలామంది ఇంట్లో అడిగే మొదటి కోరిక ఏమిటో నేను చెప్పగలను. "నాన్నా, నాకు బ్యాటు కొనిపెట్టు!" అవునా? "పరీక్షలు బాగా రాయి, చూద్దాం" అంటారు నాన్నగారు. అంతవరకూ బాగానే వుంటుంది. చిక్కంతా దుకాణానికి వెళ్ళిన తరవాతనే మొదలవుతుంది. అక్కడ గోడ పొడుగునా బ్యాట్లు నిలబెట్టి వుంటాయి. అన్నిటిమీదా రంగురంగుల కాగితాలు అంటించి వుంటాయి. మీ కన్ను అన్నిటికన్న పెద్ద బ్యాటుమీద పడుతుంది. నాన్నగారు కూడా, "పెద్దదే తీసుకో, ఇంకా మూడేళ్ళు పనికివస్తుంది" అంటారు.

చొక్కా కాస్త వదులుగా కుట్టించుకోవచ్చు. చేతులు మడుచుకుంటే సరిపోతుంది. బ్యాటును మడుచుకోవటం కుదరదు గదా! అందుచేత ఈ నెల మీతోనూ, మీ అమ్మానాన్నలతోనూ బ్యాటు సంగతి మాట్లాడుతున్నాను.

బ్యాటు మీ శక్తికి మించిన బరువుంటే ఏమవుతుందో చూడండి. కుడిచేతి ఆటగాడికి పిడి పైభాగాన వుండేది ఎడమచెయ్యి. బ్యాటును తిన్నగా నడిపించవలసిన చెయ్యి అదే. బరువు ఎక్కువైతే ఆ చెయ్యి ఓడిపోతుంది. కింద వున్న కుడిచెయ్యి బలవంతాన బ్యాటును ఈడుస్తుంది. అప్పుడు బ్యాటు తిన్నగా రాదు, అడ్డంగా వస్తుంది. పైగా ఆలస్యంగా వస్తుంది. ఈలోగా బంతి వెళ్ళి వికెట్లను పడగొడుతుంది. మణికట్టు, మోచెయ్యి నొప్పి పెట్టటం ఇంకొకటి. కాని అన్నిటికన్న పెద్ద నష్టం మరొకటి వుంది. నాలుగుసార్లు ఇలా అవుటైన పిల్లవాడు, "నాకు ఆట రాదు" అనుకుంటాడు. బ్యాటులో వున్న లోపాన్ని తనలో వున్న లోపంగా లెక్కవేసుకుంటాడు. 

నేను పనిచేసిన ఒక బడిలో ఆటసామాను పెట్టెలో పెద్దవాళ్ళ బ్యాట్లు రెండే వుండేవి. ఆరో తరగతి పిల్లలు కూడా వాటితోనే ఆడేవారు. ఒక అబ్బాయిని ఎవరూ జట్టులోకి పిలిచేవారు కాదు. మా డ్రిల్లు మాస్టారు ఎక్కడినుంచో ఒక పాత చిన్న బ్యాటు తెచ్చి వాడి చేతికిచ్చారు. వారం తిరగకుండా వాడు బంతిని తిన్నగా ఆపటం మొదలుపెట్టాడు. వాడికి కొత్తగా ఏ విద్యా రాలేదు. చేతికి తగిన పనిముట్టు వచ్చింది, అంతే!

పెద్ద బ్యాటుమీద మోజు ఈనాటిది కాదు. 1771 లో ఇంగ్లాండులో చెర్ట్‌సీ, హాంబుల్డన్ జట్లు ఆడుతున్నప్పుడు, వైట్ అనే ఆటగాడు వికెట్లంత వెడల్పున్న బ్యాటు పట్టుకుని వచ్చాడట. ఇక బంతి వికెట్లకు తగిలేదెలా? అవతలి జట్టువారు గోల చేశారు. దానితో బ్యాటు వెడల్పు నాలుగుంపావు అంగుళాలు మించరాదని నియమం వచ్చింది. ఇప్పటికీ అదే నియమం. పొడుగు 38 అంగుళాలు మించరాదు. బ్యాట్లు మరీ లావెక్కుతున్నాయని, 2017 లో మందానికీ, అంచులకూ కూడా హద్దు పెట్టారు. 1979 లో డెన్నిస్ లిల్లీ అనే ఆస్ట్రేలియా ఆటగాడు పెర్త్‌లో టెస్టు ఆటకు అల్యూమినియం బ్యాటు తెచ్చి దెబ్బలాడాడు. అటుతరవాత పలక కొయ్యదే కావాలని నియమాల్లో చేర్చారు. కాని బరువుకు మాత్రం నియమం లేదు. అది ఎవరికి వారు తెలుసుకోవలసిందే.

సరే, తెలుసుకోవటం ఎలా? దుకాణంలో మూడు పరీక్షలు చెయ్యండి.

మొదటిది పొడుగు. బూట్లు తొడుక్కుని, ఆడేటప్పుడు నిలబడినట్లే నిలబడండి. బ్యాటును కాలిపక్కన నిలబెట్టండి. పిడి చివర మీ తొడ పైభాగానికి, అంటే తుంటి దగ్గరకు రావాలి. అంతకన్న పైకి వస్తే ఆ బ్యాటు మీకు పెద్దదన్నమాట. పిల్లల బ్యాట్లకు 1 నుంచి 6 దాకా నంబర్లు వుంటాయి. అవి ఎత్తునుబట్టి పెట్టినవి, వయస్సునుబట్టి కాదు. ఒకే తరగతిలో కూర్చునే ఇద్దరికి వేరువేరు నంబర్లు కావలసిరావచ్చు.

రెండవది బరువు. పిడి పైభాగాన పట్టుకునే చేతితో, ఆ ఒక్క చేతితోనే బ్యాటును ఎత్తి, నేలకు సమంగా చాచి పట్టుకోండి. మెల్లిగా పది లెక్కపెట్టండి. చెయ్యి వణికినా, బ్యాటు వాలిపోయినా దాన్ని గోడకు ఆనించి, ఇంకొకటి తీసుకోండి.

మూడవది ఊపు. ఇందులో ఒక చిన్న శాస్త్రవిషయం వుంది. ఇంట్లో బ్యాటు వుంటే ఇప్పుడే చేసి చూడండి. చుట్టూ ఎవరూ లేకుండా చూసుకుని, పిడి పట్టుకుని బ్యాటును అటూ ఇటూ ఊపండి. తరవాత దాన్ని తలకిందులు చేసి, పలక చివర రెండు చేతులతో పట్టుకుని ఊపండి. ఇప్పుడు తేలికగా ఊగింది గదా! తక్కెడలో వేస్తే బరువు ఒక్కటే. మరి తేడా ఎక్కడిది? బరువు మీ చేతికి దూరంగా వున్నకొద్దీ తిప్పటం కష్టమవుతుంది. దగ్గరగా వుంటే సులువవుతుంది. అందుచేత ఒకే బరువున్న రెండు బ్యాట్లలో, అడుగున కొయ్య ఎక్కువున్నది బరువుగా తోస్తుంది. కాగితంమీద రాసిన బరువు చదివితే చాలదు. ఎత్తి, ఊపి చూడాలి.

ఇక కొయ్య సంగతి. మంచి బ్యాటును విల్లో అనే చెట్టు కొయ్యతో చేస్తారు. ఇంగ్లాండు విల్లో తెల్లగా, తేలికగా వుంటుంది. ఖరీదు చాలా ఎక్కువ. మన కాశ్మీరులోనూ విల్లో పెరుగుతుంది. అది కొంచెం ఎర్రగా, గట్టిగా, బరువుగా వుంటుంది. ఖరీదు తక్కువ. అనంతనాగ్ జిల్లాలోని సంగం, బిజ్‌బెహారా ప్రాంతాలకు వెళితే, రోడ్డుపక్కన విల్లో చీలికలు దొంతులుగా పేర్చి ఆరబెట్టి వుంటాయి. నేర్చుకునే పిల్లలకు కాశ్మీరు విల్లో చక్కగా సరిపోతుంది. ఖరీదైన పెద్ద బ్యాటుకన్న, చవకైనా చేతికి తగిన బ్యాటే మేలు.

ఇన్ని చెట్లుండగా విల్లోనే ఎందుకు? టేకు గట్టిది గదా, దానితో చేస్తే? బరువుకు మీరు ఎత్తలేరు. విల్లో కొయ్యలో కంటికి కనపడని గదులు వుండి, వాటిలో గాలి నిండి వుంటుంది. అందుకే అది తేలిక. దాని నారలు దెబ్బకు పెళుసుగా విరగక, కొంచెం అణిగి దెబ్బను ఓర్చుకుంటాయి. పిడి మాత్రం విల్లో కాదు. పేముబద్దలు అంటించి, మధ్యమధ్య రబ్బరు పెట్టి చేస్తారు. చేతులు జిల్లుమనకుండా కాపాడేది అదే. పలకమీద నిలువు చారలు చూశారా? చెట్టు ఏటేటా పెరిగిన గుర్తులవి. కొనేటప్పుడు చారలు తిన్నగా వున్నాయా, పిడి పలకలో దిగినచోట సందులు లేకుండా అతికిందా అని చూడండి.

విల్లో మెత్తని కొయ్య అన్నాను. ఆ మెత్తదనంవల్లనే బ్యాటు తేలికైంది. ఆ మెత్తదనంవల్లనే దానికి పోషణ కావాలి. తోలుబంతితో ఆడదలిచినవారు బ్యాటు కొన్ననాడే మైదానానికి పరుగెత్తకూడదు.

ముందు పచ్చి అవిసె నూనె తెచ్చుకోండి. రంగులు కలపటానికి అమ్మే కాచిన నూనె వద్దు. మెత్తని గుడ్డతో పలక ముందువైపు, వెనకవైపు, అంచులకు, అడుగుకు పలచగా రాయండి. పిడికీ, పిడి అతికినచోటికీ నూనె తగలనివ్వకండి. జిగురు వదిలిపోతుంది. రాత్రంతా పడుకోబెట్టి, మర్నాడు తుడిచి, ఇంకొక పూత రాయండి. రెండు మూడు పూతలు చాలు. నూనె తాగించినకొద్దీ బ్యాటు బరువెక్కి, మొద్దుబారుతుంది. పలకమీద ప్లాస్టిక్కు పొర అంటించి వుంటే, పొర లేనిచోట మాత్రమే రాయాలి.

తరవాత కొయ్యసుత్తితోగాని, పాత మేజోడులో వేసిన పాత తోలుబంతితోగాని పలకను తట్టాలి. మొదట తలుపు తట్టినంత మెల్లిగా, పోనుపోను కాస్త గట్టిగా. అంచులను ఏటవాలుగా తట్టి గుండ్రపరచాలి. అడుగును మాత్రం ఎన్నడూ కొట్టకూడదు. రోజుకు పావుగంట చొప్పున తట్టినా, మొత్తం నాలుగైదు గంటల పని వుంటుంది. "ఇన్ని రోజులా!" అని నిట్టూర్చకండి. తట్టినకొద్దీ పైనారలు దగ్గరపడి గట్టిపడతాయి. తట్టని బ్యాటు మొదటివారంలోనే పగుళ్ళిస్తుంది. తట్టటం పూర్తి అయినాక, పాతబంతితో మెల్లగా ఆడి చూడండి. బంతి కుట్టు అచ్చు లోతుగా పడితే, ఇంకా తట్టాలని అర్థం. టెన్నిస్ బంతితో ఆడేవారికి ఈ శ్రమ అక్కరలేదు. కాని వారి బ్యాటును తోలుబంతి ఆటకు అరువివ్వకూడదు.

ఇకపై చెప్పేవి అందరికీ. బ్యాటుతో వికెట్లను నేలలో దిగగొట్టకండి. సిమెంటు రోడ్డుమీద ఈడవకండి. తడినేలలో ఆనించి నిలబడకండి. అడుగు నీరు పీల్చి ఉబ్బుతుంది, ఆపైన చీలుతుంది. తడిస్తే గుడ్డతో తుడిచి నీడన ఆరబెట్టండి. మన ఎండలు సంగతి మీకు తెలుసు. మేడమీద, రేకులకింద, నిలిపిన కారులో బ్యాటును వదిలితే కొయ్యలోని చెమ్మ ఆవిరైపోయి పెళుసెక్కుతుంది. సన్నని గీతలు పడితే భయపడకండి. ఉప్పుకాగితంతో మెల్లగా రుద్ది, కాస్త నూనె రాసి, టేపు చుట్టండి. లోతైన పగులైతే బాగుచేసేవారికి చూపించండి. మేకులు మాత్రం కొట్టకండి, కొయ్య మరింత చీలుతుంది. 

తల్లిదండ్రులతో ఒక్కమాట. "రెండేళ్ళకు పిల్లవాడు ఎదిగిపోతే డబ్బు దండుగ కాదా?" అని మీ సందేహం. న్యాయమైనదే. దానికి మందు పెద్ద బ్యాటు కొనటం కాదు, చిన్న బ్యాటును బాగా చూసుకోవటం. బాగా చూసుకున్న బ్యాటు మీవాడు ఎదిగిపోయిననాడు కూడా ఆటకు పనికివస్తుంది. తమ్ముడికో, చెల్లెలికో, పక్కింటి అబ్బాయికో, బడిలోని ఆటసామాను పెట్టెకో చేరుతుంది.

పిల్లలూ, మీతో కూడా ఒక మాట. డాన్ బ్రాడ్మన్ చిన్నప్పుడు తన ఊళ్ళో నీళ్ళతొట్టి కింది గోడకు గోల్ఫు బంతిని విసిరి, అది ఎటు తిరిగి వస్తుందో తెలియకుండానే, ఒక వికెట్ కర్రతో కొట్టటం సాధన చేశాడు. కన్నూ, కాలూ, చెయ్యీ ఆ కర్రతోనే కుదిరాయి. మంచి బ్యాటు మీకు పరుగులు తెచ్చిపెట్టదు. మీ సాధనకు అడ్డం రాకుండా వుంటుంది. మనం కోరవలసింది అంతే.

ఈ సెలవుల్లో మీ ఇంట్లో వున్న బ్యాటును తీసి, ఆ మూడు పరీక్షలూ చెయ్యండి. అది మీకు చిన్నదైపోయి వుంటే, తుడిచి, పలచగా ఒక పూత నూనె రాసి, మీ వీధిలో పెద్ద బ్యాటుతో అవస్థపడుతున్న చిన్నవాడెవడో చూసి వాడి చేతికివ్వండి. ఎలా చూసుకోవాలో కూడా చెప్పండి.